గణపవరం దారం, ఢాకా చొక్కా, బ్రసెల్స్ రూలు

ఆన్‌సైట్ వెళ్ళినప్పుడు మనం కొనుక్కొచ్చే టీషర్టుల కాలర్ వెనక చీటీ ఎప్పుడైనా చూశారా? చాలావాటి మీద "మేడ్ ఇన్ బంగ్లాదేశ్" అనే ఉంటుంది. "లండన్ నుంచి తెచ్చాను బావా" అని ఇస్తే, బావగారు చీటీ తిప్పి చూసి ముసిముసిగా నవ్వడం చాలా ఇళ్ళల్లో జరిగేదే. అయితే ఆ చీటీ చెప్పని సంగతి ఇంకోటుంది. ఆ చొక్కాలో దారం చిలకలూరిపేట పక్కన గణపవరంలో వడికింది అయ్యుండొచ్చు. ఆ దారంలో పత్తి నాదెండ్ల చుట్టుపక్కల నల్లరేగట్లో పండింది అయ్యుండొచ్చు. మరి ఆ చొక్కా ఏ దేశానిది?

ఇది వేదాంతం ప్రశ్న కాదు, డబ్బుల ప్రశ్న. "బంగ్లాదేశ్‌ది" అంటే యూరప్‌లో సుంకం సున్నా. "ఇండియాది" అంటే కట్టాల్సిందే. ఈ ఒక్క జవాబు మీద నాదెండ్ల మండలంలో మిల్లులు మూడు షిఫ్టులూ తిరగడమో, ఆగడమో ఆధారపడి ఉంది. ఆ జవాబు చెప్పేది ఢాకా కాదు, ఢిల్లీ కాదు, బ్రసెల్స్.

నాదెండ్ల అనగానే చాలామందికి రాజకీయ నాయకుల ఇంటిపేరు గుర్తొస్తుంది. కాస్త చరిత్ర తెలిసినవాళ్ళకి తిమ్మరుసు మేనల్లుడు, రాయలవారి తరఫున కొండవీడు ఏలిన నాదెండ్ల గోపన గుర్తొస్తాడు. ఊరు 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు పల్నాడు జిల్లాలో మండల కేంద్రం. ఆ మండలంలోదే గణపవరం. పేరుకి గ్రామమేగానీ చిలకలూరిపేటకి అంటుకునే ఉంటుంది, చుట్టూ స్పిన్నింగ్ మిల్లులు. అక్కడి హైవే, మనవాళ్ళు ఇప్పటికీ ఎన్‌హెచ్ 5 అనే పిలుచుకునే ఎన్‌హెచ్ 16, అటు చెన్నైకి, ఇటు కలకత్తాకి. దారం కోన్‌లు ఎక్కించుకున్న లారీ చెన్నై రేవుకి పోయి ఓడెక్కచ్చు, లేదా కలకత్తా దాటి పెట్రాపోల్ సరిహద్దు గేటు దగ్గర నిలబడొచ్చు. ఈ రెండో దారి కథ చివర్లో చెప్తాను.

అసలు సరుకు "పుట్టినూరు" లెక్క మన ప్రాంతంలో ఎప్పుడూ తిరకాసే. ఇంగ్లీషువాళ్ళ కాలంలో గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పండిన కాస్త ఎర్రటి జీర ఉన్న పత్తిని ప్రపంచ మార్కెట్లో "కోకనాడా" అనేవాళ్ళు. అంటే కాకినాడ. పండింది ఇక్కడ, ఓడెక్కింది అక్కడ, పేరు రేవుది! గుడ్డకి కాలికో అనే పేరు కాలికట్ రేవు నుంచి వచ్చినట్టే.

ఇంకా వెనక్కి పోతే, 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకి వచ్చింది. మన తీరపు అద్దకం బట్టలు, చిరివేరు ఎరుపు వేసినవి, ముందు జావా, సుమత్రాల్లో సుగంధద్రవ్యాలకి మారకంగానూ, తరవాత లండన్ దొరసానుల ఒంటి మీదకీ చేరాయి. అక్కడి నేతగాళ్ళు గోల పెట్టారు. 1700లో ఇంగ్లండు పార్లమెంటు చట్టం చేసింది: అద్దకం వేసిన ఇండియా బట్ట కట్టుకోకూడదు. తమాషా ఏంటంటే, అద్దకం వెయ్యని తెల్ల బట్ట రావచ్చు! దాన్ని ఇంగ్లండులో వాళ్ళే అచ్చేసుకుని "మా బట్ట" అని అమ్ముకోవచ్చు. ఇండియా అచ్చు బట్ట కూడా లండన్‌లో దిగి ఇంకో దేశానికి ఎగుమతి అయిపోతే అభ్యంతరం లేదు. 1721లో ఇంకో చట్టంతో ఇంకా బిగించారనుకోండి. నా మటుకు నాకు, ఇప్పటి వాణిజ్య ఒప్పందాల వెనక తర్కమంతా ఆ 1700 చట్టంలోనే ఉందనిపిస్తుంది. పరాయి ముడిసరుకు కావాలి, తయారీ మాత్రం మన గడప లోపలే జరగాలి.

మధ్యలో పొగాకు కథ ఒకటుంది. చిలకలూరిపేట నూలుకంటే ముందు పొగాకు ఊరు. 1919లో బ్రిటన్ తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకి సుంకంలో ఆరో వంతు తగ్గించింది, 1925లో దాన్ని నాలుగో వంతు చేసింది. అప్పట్లో సామ్రాజ్యమే ఒక వాణిజ్య కూటమి. గుంటూరు జిల్లాలో వర్జీనియా పొగాకు అంతలా పాకడానికి ఆ రాయితీ ఒక పెద్ద కారణం. పేరులోనే ఉంది, విత్తనం అమెరికాది, ఆకుని కాల్చే బ్యారన్ పద్ధతి కూడా అక్కడిదే. అయినా కస్టమ్స్ కంటికి అది "సామ్రాజ్యపు ఆకు", ఎందుకంటే మొలిచింది మన నేలలో.

ఈ సూత్రం ఇప్పటికీ అంతే. పంట ఎక్కడ కోస్తే ఆ దేశానిదే, విత్తనం ఎవరిదైనా సరే. నాదెండ్ల పత్తినే తీసుకోండి. 1967లో సాగర్ నీళ్ళు వదిలాక, 1970ల్లో హైబ్రిడ్ పత్తులు వచ్చాక ఈ ప్రాంతం పత్తి మీద పడింది. 1980ల్లో తెల్లదోమ కొట్టింది, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యల గురించి రాష్ట్రం మొదటిసారి పెద్ద ఎత్తున విన్నది 1987-88లో. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, ఆ జన్యువు అమెరికా కంపెనీ మోన్‌శాంటోది. అంటే ప్రతి గింజ ప్యాకెట్ ధరలోనూ రాయల్టీ రూపంలో ఒక విదేశీ సరుకు కూర్చుని ఉండేది. మిల్లులోకి వెళ్తే కార్డింగ్ మెషిన్ జర్మనీ త్రుత్ష్లర్, కోన్‌లు చుట్టే ఆటోకోనర్ జపాన్ మురాటా, ఇంకోటి స్విస్ రీటర్. కోయంబత్తూరు లక్ష్మీ మెషిన్ వర్క్స్‌ది అయితే స్వదేశీ అనుకుంటాం, అదీ 1962లో రీటర్ సాంకేతిక సహకారంతోనే మొదలైంది. వీటిలో ఒక్కటీ రూల్స్ ఆఫ్ ఆరిజిన్ లెక్కలోకి రాదు. యంత్రాలు, కరెంటు, నూనె అన్నీ "తటస్థం" కింద పోతాయి. మన భాషలో చెప్పాలంటే కంపైలర్ ఎవరిదని ఎవరూ అడగరు, లైబ్రరీ ఎవరిదని మాత్రం లైసెన్సు తిరగేస్తారు.

సరే, బంగ్లాదేశ్ ఇందులోకి ఎలా వచ్చింది?

1974లో ధనిక దేశాలు మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్ అని ఒకటి తెచ్చాయి. ఏ దేశం ఎన్ని చొక్కాలు పంపచ్చో కోటాలు. దక్షిణ కొరియాకి కోటా చాలేది కాదు. బంగ్లాదేశ్‌కి కోటా పరిమితే లేదు, ఎందుకంటే అప్పటికి అక్కడ గార్మెంట్ ఎగుమతి పరిశ్రమ అన్నదే దాదాపు లేదు. 1970ల చివర్లో దయివూ కంపెనీ, నూరుల్ ఖాదర్ పెట్టిన దేశ్ గార్మెంట్స్ ఒప్పందం చేసుకున్నాయి. సుమారు 130 మందిని కొరియా పంపి ఆర్నెల్లు ట్రైనింగ్ ఇప్పించారు. (మన బాడీ షాపింగ్‌కి అన్నలాంటిది, కాకపోతే వాళ్ళు తిరిగొచ్చి ఎవరికి వాళ్ళు ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు.) గుడ్డ కొరియాది, గుండీలు బయటివి, కుట్టు మెషిన్లు బయటివి, బంగ్లాదేశ్‌ది కుట్టు మాత్రమే. అక్కడ మొదలై ఆ దేశం చైనాతో పోటీపడే స్థాయికి ఎదిగింది.

యూరప్ కోటా అడక్కపోయినా ఇంకోటి అడిగింది. పేద దేశాల సరుకుకి సుంకం మాఫీ సరే, కానీ అది నిజంగా ఆ దేశంలో తయారైనదని రుజువు కావాలి. బట్టల విషయంలో రుజువంటే దశలు. దారం నుంచి గుడ్డ ఒక దశ, గుడ్డ నుంచి చొక్కా ఇంకో దశ. రెండూ బంగ్లాదేశ్‌లో జరగాలి. 2001 మార్చిలో యూరప్ "ఆయుధాలు తప్ప అన్నీ" అనే పథకంతో అతి పేద దేశాల దిగుమతులన్నిటికీ తలుపులు తెరిచినా ఈ రెండు దశల షరతు అలానే ఉంచింది. మామూలుగా అయితే యూరప్‌లో రెడీమేడ్ బట్టల సుంకం 12 శాతం. ఈ వ్యాపారంలో మిగిలే లాభమే అంతుండదు.

ఇప్పుడు గణపవరం వైపు నుంచి ఆలోచించండి. ప్యాంటులూ కాలర్ షర్టులూ నేత బట్ట. నెయ్యడానికి పెద్ద మగ్గాల మిల్లులు, పెద్ద పెట్టుబడి కావాలి. ఢాకాలో అవి తక్కువ, అందుకే నేత గుడ్డ చైనా నుంచి తెచ్చుకునేవాళ్ళు, సున్నా సుంకం దక్కేది కాదు. టీషర్టు అలా కాదు. అది అల్లిక బట్ట, నిట్టింగ్ మెషిన్లు చవక, చిన్న షెడ్డు చాలు. దారం మాత్రం బయటినుంచి తెచ్చుకున్నా రూలు ఒప్పుకుంటుంది! నారాయణ్‌గంజ్ చుట్టూ నిట్టింగ్ ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచాయి, 2000ల చివరికి అల్లిక బట్టల ఎగుమతి నేత బట్టలని దాటేసింది. వాటన్నిటికీ దారం కావాలి. వాళ్ళ మిల్లులు వడికింది చాలదు, ఆ దేశంలో పత్తి పంట నామమాత్రం. అదే సమయంలో ఇక్కడ 1999లో మొదలైన కేంద్రం వడ్డీ రాయితీ పథకం టఫ్స్‌తో స్పిండిళ్ళు పెరిగాయి, బీటీతో పత్తి దిగుబడి పెరిగింది. చిలకలూరిపేట, గణపవరం వైపు మిల్లులకి బంగ్లాదేశ్ ముఖ్యమైన మార్కెట్ అయింది.

టీషర్టులకి ఎక్కువగా వాడే 30 కౌంటు దారం అంటే, ఒక్కోటి 840 గజాల చిట్టాలు 30 కలిపితే ఒక పౌను బరువు తూగే దారం. ఆ సన్నని దారం మీద బ్రసెల్స్ రూలు ఎంత బరువు మోపిందో చూడండి: దారంగా సరిహద్దు దాటితే చొక్కా బంగ్లాదేశ్‌ది, గుడ్డగా దాటితే కాదు. అందుకని మనం దారం దగ్గరే ఆగిపోయాం అనను, గుడ్డ, అద్దకం, కుట్టు పెట్టకపోవడానికి మన కారణాలు మనకున్నాయి. కానీ గుడ్డ అమ్మేవాడికి ఆ మార్కెట్లో తలుపు మూసి, దారం అమ్మేవాడికి తెరిచిన రూలు అది.

దీనికి విరుగుడు ఉండేది. సార్క్ దేశాలన్నీ కలిపి ఒక్క దేశంలా లెక్కేసే సౌకర్యం, రీజనల్ క్యుములేషన్. అంటే ఇండియా గుడ్డతో ఢాకాలో కుట్టినా సార్క్ సరుకే. వినడానికి ఎంత బాగుందో! షరతు చదివితే తెలుస్తుంది అసలు సంగతి. ఢాకాలో కలిపిన విలువ, పొరుగు దేశం నుంచి వచ్చిన సరుకు విలువకంటే ఎక్కువుండాలి. ఊరికే లెక్కకి, చొక్కా ఎగుమతి ధర 100, అందులో ఇండియా గుడ్డ 60, ఢాకా కుట్టు 40 అనుకోండి. నలభై చిన్నది కాబట్టి చొక్కా పుట్టినూరు ఇండియా! అప్పుడు సున్నా పోయి ఇండియాకి వర్తించే 9.6 శాతం పడేది. కుట్టు కూలీ అంత చవగ్గా ఉండబట్టే కదా ఆ పని ఢాకా వెళ్ళింది? కూలీ తక్కువ కాబట్టి విలువ తక్కువ, విలువ తక్కువ కాబట్టి రాయితీ లేదు. ఈ రూలు రాసినవాడెవడో కాఫీ బాగా తాగి కూర్చుని రాసుంటాడు. పైగా బంగ్లాదేశ్ మిల్లుల యజమానుల సంఘం కూడా క్యుములేషన్ వద్దనే అంది, ఇండియా గుడ్డ వరదలా వచ్చి తమని ముంచేస్తుందని. వాళ్ళ భయం వాళ్ళది, తప్పుపట్టలేం.

ఇక మనవాళ్ళ ఘనకార్యం. 2010లో పత్తి ధర ప్రపంచమంతా చుక్కలకెక్కింది. తిరుపూరు బనియన్ల వాళ్ళు దారం దొరకట్లేదని మొత్తుకుంటే, ఢిల్లీ 2010-11కి దారం ఎగుమతి 72 కోట్ల కిలోలని గీత గీసి, డిసెంబర్లో కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసింది. 2011 ఏప్రిల్‌లో తెరిచేసరికి మిల్లుల గోడౌన్లు దారంతో నిండిపోయి ఉన్నాయి, కొన్నది ఎక్కువ ధరకి, అమ్ముదామంటే ధర పడిపోయింది. మిల్లులు నడిపేవాళ్ళని అడిగితే 2011 అనగానే మొహం మాడ్చుకుంటారు. నమ్మకంగా కొనే విదేశీ ఖాతాదారుకి "మీ దేశం ఎప్పుడు గేటు మూస్తుందో చెప్పలేం" అనే పాఠం మనమే నేర్పాం. అదే 2011 జనవరి 1 నుంచి యూరప్ కూడా రూలు మార్చింది. అతి పేద దేశాలకి ఒక్క దశ చాలు, కుట్టు ఒక్కటే ఢాకాలో జరిగినా సున్నా సుంకమే. చైనా గుడ్డ ప్యాంటులకీ దారి తెరుచుకుంది. దారానికున్న ప్రత్యేక హోదా ఆ రోజుతో పోయింది. అప్పటికి నిట్టింగ్ పరిశ్రమ వేళ్ళూనుకుంది కాబట్టి మన దారం అమ్మకం నిలబడింది.

చైనా కథ ఇంకా విచిత్రం. 2011 నుంచి 2014 దాకా చైనా ప్రభుత్వం తన రైతుల పత్తిని ఎక్కువ ధరకి కొని గోడౌన్లలో నింపింది. బయటి పత్తికి కోటా, 8.94 లక్షల టన్నులు దాటితే సుంకం మోత. కానీ దారానికి కోటా లేదు. దాంతో చైనా మిల్లులు పత్తి మానేసి దారం కొనడం మొదలెట్టాయి, మన మిల్లులకి పండగ. ఆ పండగలోకి వియత్నాం దిగింది. వియత్నాంలో పత్తి పండదు, దాదాపు అంతా అమెరికా లాంటి దేశాల నుంచి దిగుమతే. మిల్లుల్లో చాలావాటికి పెట్టుబడి చైనాదే. ఆ అమెరికా పత్తి వియత్నాంలో దారంగా మారితే చాలు, "ఆసియాన్ సరుకు" అయిపోయి ఆసియాన్-చైనా ఒప్పందం కింద సుంకం లేకుండా చైనా వెళ్ళేది. నాదెండ్ల రైతు పండించి, గణపవరంలో వడికిన అచ్చమైన దారానికేమో 3.5 శాతం. పత్తి గింజ నుంచి కోన్ దాకా ఒకే మండలంలో పుట్టిన సరుకు కంటే, నాలుగు సముద్రాలు దాటిన పత్తికే కూటమి పౌరసత్వం సులభంగా దొరికింది. దారం వ్యాపారంలో 3.5 శాతం అంటే లాభమంతా. 2019 నవంబర్ 4న ఇండియా ఆర్‌సెప్ నుంచి తప్పుకుంది. పాడి రైతుల కోసం, చైనా సరుకు భయంతో తీసుకున్న ఆ నిర్ణయంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. కానీ దారం మిల్లు లెక్కల పుస్తకంలో దాని ఖర్చు కూడా రాయాలి కదా.

రూలుని వాడుకోవడంలో మనం మాత్రమే నష్టపోయామా అంటే, మన గుమ్మం దగ్గరా అదే ఆట. 2000 మార్చిలో శ్రీలంకతో ఒప్పందం అమల్లోకి రాగానే, కొబ్బరి దేశం శ్రీలంక నుంచి ఇండియాకి పామాయిల్ వనస్పతి పోటెత్తింది. ముడినూనె మలేషియా, ఇండోనేషియాలది, లంకలో 35 శాతం విలువ కలిపినట్టు కాగితం. చివరికి 2006లో ఏడాదికి రెండున్నర లక్షల టన్నులని గిరి గీశారు. 2019లో నేపాల్ నుంచి శుద్ధి చేసిన పామాయిల్ వచ్చిపడింది, నేపాల్‌లో పామ్ చెట్టు ఏదయ్యా అంటే జవాబు లేదు. 2020 జనవరిలో ఆంక్షలు, అదే ఏడాది సెప్టెంబర్ 21 నుంచి దిగుమతిదారే పుట్టినూరు రుజువు చూపించాలనే కారోటార్ నిబంధనలు. బంగ్లాదేశ్ చొక్కాలకి ఇండియా 2011లో సుంకం ఎత్తేసింది, సాఫ్టా కింద అతి పేద దేశం 30 శాతం విలువ కలిపితే చాలు. చైనా గుడ్డ బంగ్లా చొక్కాగా మన షాపింగ్ మాల్స్‌లోకి సున్నా సుంకంతో వస్తోందని మన గార్మెంట్ వాళ్ళ గోల అందుకే. ఆ చొక్కాల్లో మన దారంతో అల్లినవీ ఉంటాయని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.

"మరి దారం దగ్గరే ఎందుకాగాం, మనమే చొక్కాలు కుట్టి పంపచ్చుగా?" అని అడగొచ్చు. అచ్యుతాపురం దగ్గర వెయ్యెకరాల్లో బ్రాండిక్స్ పార్కు చూడండి, లోదుస్తులు కుట్టేది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు, కంపెనీ శ్రీలంకది. కుట్టడం మనవాళ్ళకి రాదన్నది ఉత్త మాట. స్పిన్నింగ్ మిల్లుకి కావాల్సింది అప్పూ, కరెంటూ, కాస్తమంది మనుషులూ. గార్మెంట్‌కి వేలమంది, హాస్టళ్ళు, అద్దకం నీళ్ళ శుద్ధి, రేవుకి దగ్గరితనం, వారంలో డిజైన్ మార్చే కొనుగోలుదారు కావాలి. పొగాకు, పత్తి వ్యాపారంలో సంపాదించినవాడికి మొదటిదే తెలిసిన పని, గోడౌన్లో బేళ్ళు పెట్టి ధర కోసం చూడటం లాంటిదే. అయిదారు వందల కోట్లు స్పిండిళ్ళలో పెట్టే ఊరు ఒక్క అద్దకం యూనిట్‌కి ముందుకు రాకపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు, కానీ సుంకం లెక్కలు చూస్తే వాళ్ళది పిరికితనం అనలేను. యూరప్‌లో ఢాకా చొక్కాకి సున్నా ఉంటే, మన చొక్కాకి 9.6 ఉండేది.

ఇప్పుడు లారీ సంగతి. 2020 జులైలో, లాక్‌డౌన్లో లారీలు ఆగిపోయినప్పుడు, గుంటూరు పక్క రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కి 384 టన్నుల ఎండుమిర్చితో ప్రత్యేక పార్సిల్ రైలు వెళ్ళింది, దేశం దాటిన మొదటి పార్సిల్ రైలు అని అప్పట్లో పేపర్లు మెచ్చుకున్నాయి. అయిదేళ్ళు తిరక్కుండానే అదే గేటు దగ్గర కథ తిరగబడింది. 2025 ఏప్రిల్‌లో ఇండియా, తన రేవుల గుండా బంగ్లాదేశ్ సరుకు వేరే దేశాలకి పోయే ట్రాన్స్‌షిప్‌మెంట్ సౌకర్యం తీసేసింది. అదే నెల 13న బంగ్లాదేశ్, బేనాపోల్‌తో సహా భూమార్గపు గేట్ల నుంచి దారం దిగుమతి ఆపేసింది. మే 17న ఇండియా బంగ్లా రెడీమేడ్ బట్టలకి భూమార్గం మూసింది, రావాలంటే నవ షేవా, కలకత్తా రేవుల గుండానే. మన దారానికి సముద్రమే మిగిలింది. ట్రక్కులో నాలుగు బేళ్ళు పంపే చిన్న మిల్లుకి కంటెయినర్ నింపడం, చిట్టగాంగ్ రేవులో వారాలు ఆగడం చిన్న విషయం కాదు. నష్టపోయింది నారాయణ్‌గంజ్‌లో చిన్న నిట్టింగ్ షెడ్డూ, గణపవరంలో చిన్న మిల్లూ. రెండు రాజధానుల్లో ఎవరి దేశభక్తి వాళ్ళు చూపించుకున్నారు.

అదే 2025 ఏప్రిల్‌లో అమెరికా కొత్త సుంకాల ఉత్తర్వులో ఒక వాక్యం పెట్టింది, సరుకులో కనీసం 20 శాతం అమెరికా ముడిసరుకు ఉంటే ఆ భాగానికి అదనపు సుంకం పడదు. వెంటనే ఢాకా మిల్లులు అమెరికా పత్తి వైపు చూశాయి. ఇక్కడేమో 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబర్ 31 దాకా ఇండియా కూడా పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది, మిల్లులకి బ్రెజిల్, అమెరికా బేళ్ళు చవకయ్యాయి, నాదెండ్ల రైతు పత్తి తీసే వేళకే. ఆ బేళ్ళతో గణపవరంలో వడికిన దారం కూడా కాగితం మీద ఇండియా దారమే.

బంగ్లాదేశ్ అతి పేద దేశాల జాబితా నుంచి బయటికొచ్చే తేదీని ఐక్యరాజ్య సమితి 2021లోనే 2026 నవంబర్ 24గా నిర్ణయించింది. ఆ తరవాత మూడేళ్ళ గడువిచ్చి యూరప్ ఒక్క దశ సౌకర్యం తీసేస్తుంది, మళ్ళీ రెండు దశలు. అప్పుడు చైనా గుడ్డతో కుట్టిన ప్యాంటుకి రాయితీ దక్కదు, బయటి దారంతో ఢాకాలో అల్లిన టీషర్టుకి దారి ఉంటుంది. అంటే 2001లో గణపవరానికి కలిసొచ్చిన రూలే తిరిగి రాబోతోంది, ఆ దారం వెళ్ళాల్సిన గేటుకి మాత్రం తాళం పడింది.